బెజవాడ నుంచి ఫ్రెండ్‌షిప్ పీక్‌కి

మనాలీ దగ్గర, సోలంగ్ లోయ పైన ఉన్న ఫ్రెండ్‌షిప్ పీక్ ఎత్తు 5,289 మీటర్లు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ మన బెజవాడలో అందేదాంట్లో సుమారు సగమే.

నేను బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు నడుపుతాను. నా ప్రాక్టీసంతా మంగళగిరి కొండ మెట్ల మీదే. ఎండ ఎక్కకముందే వెళ్లండి. బ్యాగు నిండా నీళ్ల సీసాలు పెట్టుకుని ఎక్కండి, పైన ఆ నీళ్లు మొక్కలకి పోసి దిగండి, మోకాళ్లు మిగులుతాయి. ఎక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే.

మంచులో నడక మాత్రం ఇక్కడ రాదు. బూట్లకి క్రాంపాన్లు (మంచులో పట్టు కోసం కట్టే ఇనుప ముళ్ల చట్రాలు) బిగించి పాదం మొత్తం ఆనించి నడవడం, జారితే బోర్లా తిరిగి ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) మొన మంచులో గుచ్చి ఆగడం గైడ్ దగ్గరే నేర్చుకోవాలి. ఆ శిక్షణ లేని ట్రిప్పు ఎంత చౌకైనా వద్దు.

3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు. తలనొప్పి, వాంతులు ఉంటే అక్కడే ఆగండి. తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అర్ధరాత్రయినా సరే వెంటనే కిందికి దిగాల్సిందే. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్‌ని అడిగే వేసుకోండి. సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి ముందే చెప్పండి.

శిఖరానికి చీకట్లోనే బయల్దేరతారు. ఎండకి మంచు మెత్తబడితే కాలు దిగబడిపోతుంది. అన్నట్టు, గోంగూర పచ్చడి మర్చిపోవద్దు. ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, ముద్ద దిగాలంటే అదే దిక్కు.