స్టిరాయిడ్ తగ్గిస్తుంటే నొప్పులా? కీళ్లవాతం తిరగబెట్టిందనుకునే ముందు ఇవి చూడండి

మా అమ్మకు రుమటాయిడ్ కీళ్లవాతం. ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ బిళ్ల తగ్గించిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట నొప్పి మొదలయ్యేది. "తిరగబెట్టింది" అనుకుని మళ్లీ పాత డోసుకే వెళ్లిపోయేవాళ్లం. అలా రెండేళ్లు గడిచాయి. డోసు మార్చే ముందు చూడాల్సింది ఒకటుంది: కీలు వాచిందా, లేదా?

సమస్య: వేలి కణుపులు వాచి వెచ్చగా ఉన్నాయి. పొద్దున బిగుసుకుపోయిన వేళ్లు గంట దాటినా వదులు కావడం లేదు.

కారణం: ఇది తిరగబెట్టడమే. డోసు తొందరగా తగ్గించి ఉండొచ్చు, లేదా మెథోట్రెక్సేట్ మానేసి ఉండొచ్చు. స్టిరాయిడ్ వాపును త్వరగా దించుతుంది గానీ జబ్బును ఏళ్ల తరబడి అదుపులో పెట్టేది మెథోట్రెక్సేట్ లాంటి మందులే. వాటి గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోపే పనిచేయట్లేదని వదిలేసేవాళ్లు ఎందరో.

పరిష్కారం: ఇఎస్ఆర్, సిఆర్‌పి (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు) చేయించి డాక్టరుకు చూపించండి. మామూలుగా బాగున్న చివరి డోసుకు తిరిగి వెళ్లి, కుదుటపడ్డాక ఇంకా మెల్లగా తగ్గించమంటారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో స్ట్రిప్ మీద పెన్నుతో రాసి పెట్టండి.

జ్వరంతో ఒక్కసారిగా కీళ్లన్నీ పట్టేస్తే చికున్‌గున్యా కావచ్చు. ఒకే ఒక్క కీలు ఎర్రగా వాచి జ్వరం వస్తే అందులో చీము పట్టిందేమో, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: వాపు లేదు. డోసు తగ్గించిన రెండు మూడు రోజులకే ఒళ్లు నొప్పులు, నీరసం, చిరాకు.

పాత డోసుకు ఒళ్లు అలవాటు పడటం వల్ల ఇలా అవుతుంది. డాక్టరుకు ఫోన్ చేసి చెప్పి, తగ్గించిన డోసు మీదే వారం పది రోజులు ఓపిక పట్టి చూడండి. అమ్మకు చాలాసార్లు ఇదే జరిగింది. మేమే తెలియక డోసు పెంచాం.

సమస్య: లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. తిండి సయించదు, వికారం, బరువు తగ్గడం.

కారణం: దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే, ఒంటికి సొంతమైన స్టిరాయిడ్ తయారు చేస్తాయి. అది సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానం. నెలల తరబడి బయటి నుంచి అందుతుంటే అవి పని మానేస్తాయి. అందుకే 10 నుంచి 5కి దిగడం కన్నా 5 నుంచి సున్నాకు దిగడమే కష్టం. "చిన్న డోసే కదా" అని నేనే ఒకసారి ఆపించాను. వారం తిరక్కుండానే అమ్మ బాత్రూమ్‌లో పడిపోయింది.

పరిష్కారం: 5 కిందికి వచ్చాక నెలకు 1 మిల్లీగ్రాము చొప్పున తగ్గించడం చాలామంది డాక్టర్ల పద్ధతి. పూర్తిగా ఆపే ముందు, ఆ రోజు బిళ్ల వేసుకోకముందే ఉదయం 8 గంటలకు కార్టిసాల్ పరీక్ష చేయించమంటారు. డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథులు మేలుకున్నట్టే. 5 కన్నా తక్కువైతే ఇంకా ఆగాలి. జ్వరం వచ్చినా, ఆపరేషన్ ఉన్నా డోసు తగ్గించకూడదు, ఇంకా పెంచాల్సి వస్తుంది. ఎంత పెంచాలో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. వాంతులతో బిళ్ల కడుపులో నిలవకపోయినా, మనిషి మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, "స్టిరాయిడ్ వాడుతున్నారు" అని మొదటి మాటగా చెప్పండి. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ అవసరమవుతుంది.

సమస్య: బిళ్ల తగ్గిస్తున్నా మొహం ఉబ్బుతోంది, షుగర్ పెరుగుతోంది.

ఇంట్లో పేరు లేని కీళ్లనొప్పుల పొడి ఏమైనా ఉందేమో చూడండి. అలాంటి పొడుల్లో డెక్సామెథాసోన్ లాంటి స్టిరాయిడ్లు కలిపి అమ్మడం కొత్త కాదు. చుట్టుపక్కల చేయించుకునే "నొప్పి సూది"లోనూ ఉండొచ్చు. ఒక్కసారిగా మానేస్తే పైన చెప్పిన కళ్లు తిరగడమే వస్తుంది, కాబట్టి పొట్లం డాక్టరుకు చూపించి అడగండి. పరగడుపు షుగర్ మామూలుగా ఉన్నా మధ్యాహ్నం భోజనం తర్వాతది కూడా చూడాలి.

సమస్య: రాత్రి నిద్ర పట్టదు.

బిళ్ల సాయంత్రం వేసుకుంటున్నారేమో. డాక్టరు వేరే చెప్పకపోతే పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకోండి.