సెనేటర్ వీడియో చూసి ఊగిపోయే ముందు ఇవి చూడండి: జాకీ లాంబీ ఉదాహరణతో

మెల్‌బోర్న్‌లో మా తెలుగు వాట్సాప్ గ్రూపులోకి కొన్ని నెలలకోసారి ఒక వీడియో వస్తుంది. టాస్మేనియా రాష్ట్ర సెనేటర్ జాకీ లాంబీ ఆస్ట్రేలియా పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌లో గొంతు పెంచి ఎవరినో కడిగిపారేస్తూ ఉంటారు. సగం మంది "నాయకురాలంటే ఈవిడే" అంటారు, మిగతా సగం మంది "ఉత్త అరుపులు" అంటారు. ఆ రోజు చర్చ ఏ బిల్లు మీద, ఆవిడ చివరికి ఓటు ఎటు వేశారు అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ చాలాకాలం అడగలేదు. పౌరసత్వం వచ్చాక ఇక్కడ ఓటు వేయడం తప్పనిసరి కదా, సెనేట్ బ్యాలెట్ పేపర్ దుప్పటంత పొడుగు ఉంటుంది కదా, అప్పుడు మొదలుపెట్టాను చదవడం. నాకు పనికొచ్చిన పద్ధతి మీకూ చెప్తాను.

ముందు లెక్క అర్థం కావాలి. సెనేట్‌లో 76 మంది. ఆరు రాష్ట్రాలకు తలా 12, రెండు టెరిటరీలకు తలా 2. మన రాజ్యసభలో జనాభాను బట్టి సీట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, సిక్కింకు ఒక్కటే. ఇక్కడ అలా కాదు, ఆరు లక్షల జనం కూడా లేని టాస్మేనియాకూ 12 మందే, ఎనభై లక్షలు దాటిన న్యూ సౌత్ వేల్స్‌కూ 12 మందే. పైగా ప్రభుత్వానికి సెనేట్‌లో సొంత మెజారిటీ దొరకడం అరుదు. అందుకే ఏ పెద్ద పార్టీకీ చెందని ఒక్క మనిషి చేతిలో బిల్లు తలరాత ఉండే రోజులొస్తాయి. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. మన దగ్గర 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది, ఇక్కడ లేదు. లాంబీ 2013లో పామర్ యునైటెడ్ పార్టీ టికెట్ మీద గెలిచి, 2014 నవంబరులో పార్టీ వదిలేసి, అదే సీటులో కూర్చుని మాట్లాడారు. ఆ తెగువ సగం ఆవిడ స్వభావమైతే సగం ఈ వెసులుబాటు అని నా అభిప్రాయం.

ఇక పని మొదలుపెడదాం. వీడియోలో తేదీ లేకపోతే ముందు తేదీ పట్టుకోండి, ఆ తర్వాత ఆ రోజు హాన్సార్డ్, అంటే సభ అధికారిక రికార్డు, తెరవండి. పార్లమెంటు వెబ్‌సైట్‌లో సభలో మాట్లాడినదంతా మాట వెంట మాటగా ఉంటుంది, సాధారణంగా మర్నాటికల్లా వచ్చేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ కష్టంగా అనిపిస్తే ఓపెన్ ఆస్ట్రేలియా అనే సైట్‌లో సెనేటర్ పేరు కొడితే చాలు, ప్రసంగాలన్నీ వరసగా వస్తాయి. ఆవిడ ప్రసంగం ఒక్కటే చదివి ఆగిపోకండి, దానికి ముందు మాట్లాడిన ఇద్దరినీ తర్వాత మాట్లాడిన ఇద్దరినీ చదవండి. ఆవిడ ఎవరికి జవాబిస్తున్నారో తెలియకపోతే ఆ కోపం ఎందుకో తెలియదు.

ప్రసంగం ఏ సందర్భంలోదో చూడటం ముఖ్యం. సెకండ్ రీడింగ్ అయితే బిల్లు మంచిదా చెడ్డదా అన్న మొత్తం వాదన. కమిటీ దశ అయితే ఒక్కో సవరణ మీద మంత్రిని నిలదీయడం, విషయం అసలు అక్కడే బయటపడుతుంది. ప్రశ్నోత్తరాల సమయం అయితే ఎక్కువగా టీవీ కోసం. సభ ముగిసే ముందు చేసే ప్రసంగం అయితే దాని వెనక ఓటింగే ఉండదు. వాట్సాప్‌లో ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి.

లాంబీ ప్రసంగాల్లో బలం ఆవిడ జీవితం. 1989 నుంచి 2000 వరకు సైన్యంలో పనిచేశారు, వెన్ను దెబ్బతిని బయటికొచ్చారు, తర్వాత ఏళ్ళ తరబడి మాజీ సైనికుల శాఖతో పోరాడారు, భత్యం మీద పిల్లల్ని పెంచారు. 2017 మార్చిలో సంక్షేమ భత్యాల కోతల మీద మాట్లాడుతూ, ఇంట్లో ఫ్రిజ్ పాడైతే కొత్తది కొనడానికి డబ్బు కూడబెట్టడానికే వారాలు పట్టిందని సభలో చెప్పారు. చదువుతుంటే నాకు మా అమ్మ నెలాఖరు లెక్కలు గుర్తొచ్చాయి. ఇలాంటి చోట నేను ఒక పని చేస్తాను: సొంత కథను ఒక రంగుతో, బిల్లు గురించి చెప్పిన మాటను ఇంకో రంగుతో గీస్తాను. కథ మాత్రమే ఉండి బిల్లు మీద ఒక్క వాక్యం కూడా లేకపోతే అది మంచి ప్రసంగమే గానీ చర్చకు ఇచ్చింది తక్కువ. రెండూ ముడిపడితే వదలకుండా చదవాలి. 2020 అక్టోబరులో యూనివర్సిటీ ఫీజుల బిల్లు వచ్చింది, ఆర్ట్స్ కోర్సుల ఫీజు రెట్టింపు దాటించేది. ఎంత తెలివున్నా, ఎంత పట్టుదల ఉన్నా, మీ స్తోమతకు తగ్గట్టు కాస్త చవక కలలు కనండి అని పేద పిల్లలకు చెప్పే ఓటు నాది కాబోదు అన్నారావిడ. అక్కడ కథా వాదనా ఒకటే అయిపోయాయి. వ్యతిరేకంగానే ఓటు వేశారు. అయినా బిల్లు నెగ్గింది.

ఆ చివరి రెండు వాక్యాలు ప్రసంగంలో దొరకవు, ఓటు విడిగా వెతకాలి. సభలో కనీసం ఇద్దరు అడిగితేనే డివిజన్, అంటే పేర్లు రాసుకునే ఓటింగ్, జరుగుతుంది, సభ్యుల్ని పిలుస్తూ నాలుగు నిమిషాలపాటు గంట మోగుతుంది, అప్పుడే పేర్లు నమోదవుతాయి. నోటితో ఔను, కాదు అని తేలిపోతే ఎవరి పేరూ ఉండదు, కాబట్టి పేరు కనిపించలేదని పారిపోయారని అనుకోకండి. దే ఓట్ ఫర్ యు అనే సైట్‌లో ఇవి తేలిగ్గా చూడొచ్చు. ఓట్లు సమానమైతే బిల్లు పోయినట్టే, ఎందుకంటే ఇక్కడ సభాధ్యక్షుడికి నిర్ణాయక ఓటు లేదు, అందరిలాగే ఒక్క ఓటు. 2019 నవంబరులో కార్మిక సంఘాల మీద ప్రభుత్వం తెచ్చిన బిల్లు 34-34తో అలాగే వీగిపోయింది. వ్యతిరేకించిన వాళ్ళలో లాంబీ ఒకరు.

అన్నిటికంటే కష్టమైనది బేరం చదవడం. క్రాస్‌బెంచ్ సెనేటర్, అంటే అటు ప్రభుత్వంలో గానీ ఇటు ప్రధాన ప్రతిపక్షంలో గానీ లేని సెనేటర్, ఓటు ఊరికే ఇవ్వరు. 2019 జులైలో 15,800 కోట్ల డాలర్ల పన్ను తగ్గింపు ప్యాకేజీకి లాంబీ మద్దతిచ్చారు, సెప్టెంబరులో టాస్మేనియా ప్రభుత్వ ఇళ్ళ పాత బాకీ, 15.7 కోట్ల డాలర్లకు పైగా, కేంద్రం మాఫీ చేసింది. ఇది కళ్ళకు కనిపించే బేరం, నచ్చినా నచ్చకపోయినా తూకం వేయొచ్చు. కానీ అదే ఏడాది డిసెంబరు 4న జరిగింది వేరు. పసిఫిక్ దేశాలైన నౌరు, పాపువా న్యూ గినియాలో ఆస్ట్రేలియా ఉంచిన శరణార్థులకు జబ్బు చేస్తే డాక్టర్ల మాట మీద ఆస్ట్రేలియాకు తెచ్చే మెడివాక్ చట్టాన్ని రద్దు చేసే బిల్లు 37-35తో నెగ్గింది, దాన్ని నెగ్గించింది లాంబీ ఓటే. ఒక షరతు పెట్టాను, అదేంటో చెప్పలేను అన్నారావిడ, చెబుతూ కన్నీళ్ళు ఆపుకోలేకపోయారు. రహస్య ఒప్పందం ఏదీ లేదంది ప్రభుత్వం. ఏడాదికి 150 మంది శరణార్థుల్ని తీసుకుంటామని న్యూజిలాండ్ 2013 నుంచి చెబుతున్న మాటకు ఆస్ట్రేలియా 2022 మార్చిలో ఒప్పుకున్నాక, నా షరతు ఇదేనని ఆవిడ బయటపెట్టారు.

నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు. మూడేళ్ళకు 450 మందికి దారి దొరికింది నిజమే, కానీ మధ్యలో రెండేళ్ళకు పైగా ఆ మనుషులు ఎదురుచూశారు, ఓటేసిన జనానికి కారణం తెలియలేదు. దాపరికం లేకుండా మాట్లాడుతుందని పేరున్న మనిషే దాచాల్సి వచ్చింది. ఇలాంటి ఓటు కనిపిస్తే తొందరపడి తీర్పు రాసేయకండి, తేదీ రాసుకుని పక్కన పెట్టుకోండి. ఏళ్ళ తర్వాతైనా తిరిగి తెరవాలి.

పట్టుదల కొలవాలంటే ఒకే అంశాన్ని ఏళ్ళ తరబడి వెంబడించాలి. సైనికుల, మాజీ సైనికుల ఆత్మహత్యల మీద రాయల్ కమిషన్, అంటే ప్రభుత్వం నియమించే పెద్ద విచారణ సంఘం, కావాలని లాంబీ అడుగుతూనే వచ్చారు, కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు ఆవిడతో కలిసి నిలబడ్డారు. శాశ్వత కమిషనర్ ఒకరు చాలని ప్రభుత్వం మొదట అంది. చివరికి 2021 జులైలో కమిషన్ ఏర్పడింది, 2024 సెప్టెంబరులో 122 సిఫార్సులతో తుది నివేదిక ఇచ్చింది. ఈ దారంతా వీడియోల్లో దొరకదు, సెనేట్ ఎస్టిమేట్స్ రికార్డుల్లో దొరుకుతుంది. అంటే అధికారుల్ని కమిటీ ముందు కూర్చోబెట్టి ఖర్చు మీద ప్రశ్నలడిగే సమావేశాలు, మామూలుగా ఫిబ్రవరి, మే, అక్టోబరు నెలల్లో జరుగుతాయి. "రాతపూర్వకంగా తర్వాత ఇస్తాం" అని అధికారి అన్న ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి, ఆ జవాబులు తర్వాత కమిటీ పేజీలో పెడతారు, వార్తల్లో అంతగా రావు.

మొదటిసారి చేసేవాళ్ళు 2019 డిసెంబరు 4 హాన్సార్డ్‌తో మొదలుపెట్టండి. రెండు గంటలు పడుతుంది, ఇంగ్లీషు మరీ కష్టంగా ఉండదు. మీ రాష్ట్రం సెనేటర్లు పన్నెండు మందీ ఆ రోజు ఎటు ఓటేశారో కాగితం మీద రాసుకోండి. ఈసారి గ్రూపులో వీడియో వచ్చినప్పుడు దాని కింద తేదీ, బిల్లు పేరు, ఓటు, మూడే మూడు పెట్టండి.