కాంప్లెక్స్ మీటింగులో ఆర్పీగా నిలబడేముందు

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుకి వచ్చే నెల గణితం ఆర్పీగా, అంటే తోటి టీచర్లకి శిక్షణ ఇచ్చే మనిషిగా, మీ పేరు వేశారా? పైనుంచి వచ్చిన పీపీటీని రెండుసార్లు శ్రద్ధగా చదవండి. చదివి, పెన్‌డ్రైవ్ ఇంట్లోనే పెట్టి రండి.

నా మొదటి సెషన్‌కి అరవై నాలుగు స్లైడ్లు పట్టుకుని వెళ్లాను. పదకొండో స్లైడు దగ్గర కరెంటు పోయింది. మిగతావి ల్యాప్‌టాప్‌లో చూస్తూ చదివి వినిపించాను. భోజనాలయ్యాక వెనక బెంచీలో ఒక సారు గురక మొదలుపెట్టారు. ఆయన్ని ఏమనగలం, చదువుతున్న నాకే ఆవలింతలొచ్చాయి. తప్పు కరెంటుది కాదని ఒప్పుకోవడానికి నాకు ఇంకో రెండు మీటింగులు పట్టింది. రాష్ట్రస్థాయిలో విన్నవాళ్లు జిల్లాకి చెప్తారు, జిల్లావాళ్లు మండలానికి, మండలంవాళ్లు మనకి. అన్ని చేతులు మారి వచ్చిన పాలని మళ్లీ మనం చదివి వినిపిస్తే మిగిలేది నీళ్లే.

అందుకని ఇప్పుడు నేను నోటుబుక్కులు తీసుకెళ్తాను. మీటింగుకి వారం ముందు నాలుగో తరగతి పిల్లలకి ఒకే ఒక లెక్క ఇవ్వండి: 203లోంచి 78 తీసేయాలి. పుస్తకాల్లోంచి మూడు రకాల జవాబులు ఏరుకోండి. పిల్లల పేర్ల మీద కాగితం అంటించి జిరాక్స్ తీయించండి. బడి పేరు కూడా కనపడకూడదు. కనపడిందా, చర్చ లెక్క మీద కాకుండా ఆ బడి టీచరు మీద నడుస్తుంది.

మొన్న నాకు దొరికినవి 275, 135, 125. వచ్చినవాళ్లని నలుగురేసి కూర్చోబెట్టి, ‘ఏది తప్పు’ అని కాకుండా ‘ఈ పిల్ల ఏమనుకుని ఇలా రాసింది?’ అని అడగండి. ఇరవై నిమిషాలివ్వండి, మధ్యలో నోరు మెదపకండి. ఆ నిశ్శబ్దం ఓర్చుకోవడమే ఆర్పీకి అన్నిటికన్నా కష్టమైన పని.

275 రాసిన పిల్ల ఎక్కడ చూసినా పెద్ద అంకెలోంచి చిన్నది తీసింది. 8లోంచి 3, 7లోంచి సున్నా. ఉన్నదానికన్నా మిగిలింది ఎక్కువెలా అయిందన్న అనుమానమే రాలేదు. 135 రాసిన పిల్లాడు ఇంకా ఆసక్తికరం. వంద దగ్గర అప్పు తెచ్చాడు, సున్నాని పది చేశాడు, ఒకట్లకి 13 కూడా ఇచ్చాడు. ఆ పదిలోంచి ఒక పది ఒకట్లకి వెళ్లిపోయిందని, తన దగ్గర తొమ్మిదే మిగిలాయని మర్చిపోయాడు. ‘సరిగ్గా చదవడు’ అని పక్కన పెట్టే పిల్లాడు కాదతను, ఒక్క మెట్టు దూరంలో ఉన్నాడు.

ఇక పుల్లలు. చీపురు పుల్లలు పదేసి కట్టండి, పది కట్టలు కలిపి వంద కట్టండి. వంద కట్టలు రెండు, విడి పుల్లలు మూడు ఒక్కో జట్టుకి ఇచ్చి, ‘78 తీసి నాకివ్వండి’ అనండి. మా దగ్గర రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక సారు వంద కట్టతో పాటు లోపలి చిన్న కట్టలన్నీ విప్పేశారు. నేలంతా పుల్లలు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. ఏరుకుంటూ ఏరుకుంటూ, ‘వందని ముందు పది పదులు చేసి, అందులో ఒక్క పదినే విప్పాలన్నమాట. నోటితో ఇన్నేళ్లూ చెప్పాను గానీ చేత్తో ఎప్పుడూ చేయలేదు టీచర్’ అన్నారు. ఆ ఒక్క మాట నా అరవై నాలుగు స్లైడ్లూ చెప్పలేకపోయాయి.

ఇలాంటి పెద్దల్ని ముందే పలకరించి పెట్టుకోండి. వీళ్లలో కొందరు బ్రిటన్ సాయంతో నడిచిన ఏపీపెప్ అనే ప్రాథమిక విద్య పథకం రోజుల్లో తర్ఫీదైనవాళ్లు. జట్టుపని, స్థానిక వస్తువులు, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం వాళ్లకి అప్పుడే అలవాటు. ‘సార్, మీరు అప్పట్లో ఎలా చేసేవారు?’ అని అడిగితే సగం సెషన్ వాళ్లే నడిపిస్తారు. కొత్త పేరు పెట్టి పాత సంగతి వాళ్లకే బోధిస్తే మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటారు, న్యాయంగానే.

‘దీక్ష యాప్‌లో నా కోర్సులన్నీ అయిపోయాయి మేడమ్, సర్టిఫికెట్లు ఉన్నాయి’ అనేవాళ్లు తప్పక ఉంటారు. 2020 జాతీయ విద్యావిధానం టీచరుకి ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. 2019లో ముఖాముఖి మొదలైన నిష్ఠ అనే టీచర్ల శిక్షణ, కరోనాతో ఆన్‌లైన్‌కి మారింది. వీడియో ఒక పక్క నడుస్తుంటే మనం కూర తరుగుతూ కోర్సు పూర్తి చేశామన్నది మనకీ తెలుసు, వాళ్లకీ తెలుసు. వాదించకండి. 135 కాగితం చేతిలో పెట్టండి, చాలు.

డెమో పాఠం పెడితే అసలు పిల్లలతోనే పెట్టండి, టీచర్లనే పిల్లలుగా కూర్చోబెట్టి కాదు. ఆతిథ్యమిచ్చే బడి హెచ్‌ఎంని ముందురోజే అడిగి పదిమంది పిల్లల్ని ఉంచుకోండి. మధ్యాహ్న భోజనం గంటకి ముందే ముగించాలి, పప్పు వాసన వచ్చాక ఏ ఆర్పీ మాటా చెల్లదు. చూసేవాళ్లు మీ బోధన మీద కాకుండా, ఒక్కొక్కరూ ఒక్కో పిల్లని చూసి ఆమె ఏం చేసిందో, ఏమందో రాసుకోవాలి. ఇది ముందే గట్టిగా చెప్పకపోతే చివర్లో ‘డెమో బాగుంది మేడమ్’ తప్ప ఏమీ రాదు.

ఫీడ్‌బ్యాక్ ఫారాలు, ఓడీ (ఆన్‌ డ్యూటీ) సంతకాలు, ఫోటోలు కాంప్లెక్స్ పనులు చూసే సీఆర్పీకి అప్పగించేయండి.

వెళ్లేముందు అందరూ ఒక్క పని ఒప్పుకుని వెళ్లాలి: ఇదే లెక్క తమ తరగతిలో ఇచ్చి, ఒక తప్పు జవాబు ఫోటో గ్రూపులో పెట్టడం. మొదటిసారి ఇరవై రెండు మందిలో ఆరుగురే పెట్టారు. పెట్టనివాళ్లని గ్రూపులో అడగకండి, పరువు సమస్య అవుతుంది. విడిగా ఫోన్ చేయండి. అలా చేస్తేనే తెలిసింది, ఒక ఏకోపాధ్యాయ బడి టీచరమ్మకి అయిదు తరగతులూ చూసుకుంటూ పుల్లలు కట్టడానికే తీరిక లేదు. మరుసటి మీటింగులో మొదటి అరగంట అందరం కూర్చుని ఆమెకి కట్టలే కట్టాం. రబ్బరు బ్యాండ్లు ఎండకి పుటుక్కున తెగిపోతున్నాయి, పూలు కట్టే దారం తెచ్చుకోండి.