వడ్లు రోడ్డెక్కే రోజుల్లో హైవే ప్రయాణం: ఎదుటి బండి మన వైపు దూసుకొస్తే

అక్టోబర్ చివర్లో వానాకాలం కోతలు మొదలైతే, ఏప్రిల్, మే నెలల్లో యాసంగి కోతలు. ఈ రెండు సీజన్లలో వరంగల్–కరీంనగర్ రోడ్డయినా, ములుగు వైపయినా, పరకాల–భూపాలపల్లి దారయినా సగం ఇరుకైపోతాయి. ఒక పక్క ఆరబోసిన వడ్లు, ఇంకో పక్క హార్వెస్టర్, మధ్యలో బొగ్గు, ఇసుక టిప్పర్లు. అర వరుస రోడ్డు వడ్ల కిందికి పోయిందంటే ఆ పక్క నుంచి వచ్చేవాడు మన వరుసలోకి రాక తప్పదు. నిదానంగా వచ్చేవాడితో పేచీ లేదు. ట్రాక్టర్ వెనక ఓపిక పట్టలేక ఒక్కసారిగా బయటికి దూకే కారు, డీసీఎం వ్యాన్లతోనే ప్రాణాపాయం.

లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ఎదుటివాడూ అంతే వేగంతో వస్తుంటే మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు 44 మీటర్లు తరిగిపోతుంది. 200 మీటర్ల దూరంలో కనిపించాడంటే చేతిలో ఉన్నది నాలుగున్నర సెకన్లు. అందులో ఒకటిన్నర సెకను చూసి, కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపే అయిపోతుంది. పొడి రోడ్డు మీద 80లో ఉన్న కారు పూర్తిగా ఆగడానికి దాదాపు 70 మీటర్లు, తడి రోడ్డయితే 90కి పైనే కావాలి. అదే 60లో ఉంటే పొడి రోడ్డు మీద 45 మీటర్లలో ఆగుతుంది. కోతల రోజుల్లో రెండు వరుసల రోడ్డు మీద 60 దాటొద్దనేది ఇందుకే.

ముందు వెళ్లే లారీకి మూడు సెకన్ల దూరం ఉంచండి. అది దాటిన కిలోమీటరు రాయి దగ్గరికి మీరు చేరేలోపు మూడు అంకెలు నెమ్మదిగా లెక్కపెట్టగలగాలి. అంటుకుని పోతే ఎదురుగా ఏముందో కనపడదు, తప్పుకోవడానికి చోటూ ఉండదు. లారీ వాడు కుడి ఇండికేటర్ వేస్తే కుడికి తిరుగుతున్నాడో, దాటొద్దంటున్నాడో చెప్పలేం. దాన్ని నమ్మి ఓవర్‌టేక్ చేయకండి. ఎదుటి బండి లైట్లు కొట్టిందంటే మన దగ్గర అర్థం ‘నేను వస్తున్నా’ అనే గానీ ‘నువ్వు రా’ అని కాదు.

ఎదురుగా వచ్చే ట్రాలీ వెనక నుంచి ఒక హెడ్‌లైట్ అంచు తొంగిచూసిందా, అప్పుడే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. వాడు పూర్తిగా బయటికి వచ్చేస్తే స్టీరింగ్ తిన్నగా పట్టుకుని గట్టిగా బ్రేకు వేయండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో పెడల్ కాలి కింద గడగడలాడుతుంది. అది చెడిపోవడం కాదు, పనిచేయడం. కాలు తీయకండి. హారన్, లైట్లు ఆ తర్వాతి సంగతి. ఏం జరిగినా కుడికి మాత్రం తిప్పొద్దు. వాడు ఆఖరి క్షణంలో తన ఎడమకి, అంటే మీరు వెళ్లిన చోటికే వస్తాడు. మన దారి ఎప్పుడూ ఎడమకే.

ఎడమకి దిగాక అసలు గండం మొదలవుతుంది. తారు మీద తారు వేసుకుంటూ పోయిన చోట రోడ్డు అంచుకీ మట్టికీ మధ్య జానెడు ఎత్తు తేడా ఉంటుంది. ఎడమ చక్రాలు రెండూ కిందికి దిగగానే భయంతో స్టీరింగ్ కుడికి లాగుతాం. టైరు పక్కభాగం తారు అంచుకి రాసుకుంటూ పైకెక్కదు. ఇంకా లాగుతాం. ఒక్కసారిగా ఎక్కేసరికి చక్రాలు అప్పటికే బాగా తిరిగి ఉంటాయి కాబట్టి బండి రోడ్డుకి అడ్డంగా దూసుకెళ్లి ఎదురుగా వచ్చే లారీ కిందికో, అవతలి గుంతలోకో పోతుంది. ఎదుటివాడి నుంచి తప్పించుకున్నాక కూడా ప్రాణం పోయేది ఇక్కడే. అందుకే గట్టి బ్రేకు తారు మీద ఉన్నప్పుడే వేయాలి, చక్రం దిగేటప్పుడు వదలాలి. దిగాక స్టీరింగ్ తిన్నగా ఉంచి, మట్టిలోనే బండిని 30 కిందికి రానివ్వండి. అద్దంలో వెనక చూసి, అప్పుడు కొంచెం తిప్పి ఎక్కించండి. అంచు ఎత్తుగా ఉంటే పూర్తిగా ఆపేయండి. ఎక్కే తొందరేమీ లేదు.

బైకు మీద వెళ్లేవాళ్లకి వడ్లే పెద్ద శత్రువు. గింజలు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి. బ్రేకు వాటికి ముందే వేయాలి, వాటి మీద బండి తిన్నగానే పోవాలి, ఒరగకూడదు. ట్యాంకు మీద బస్తా పెట్టుకుంటే హ్యాండిల్ పూర్తిగా తిరగదు, తప్పించుకోవాల్సిన క్షణంలో అదే అడ్డం.

పొద్దుగూకాక నల్ల టార్పాలిన్, దాని చుట్టూ పెట్టిన రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనపడవు. ఎదుటి లైటు కళ్లలో పడితే దాన్ని చూడకుండా ఎడమ అంచు తెల్లగీత చూస్తూ నడపండి. రైతన్నలకి ఒక మాట: వడ్లు ఎత్తుకున్నాక రాళ్లు కూడా తీసేయండి. ట్రాలీ వెనక ఎర్ర రేడియం స్టిక్కర్ వేయించండి.

తప్పించుకున్నాక వాడి వెంట పడకండి. పెట్రోల్ బంకు దగ్గరో, దాబా దగ్గరో ఆగండి. చేతుల వణుకు తగ్గేదాకా, కనీసం పదిహేను నిమిషాలు, స్టీరింగ్ పట్టొద్దు. బండి నంబరు, ఎటు పోయిందో, కిలోమీటరు రాయి మీది అంకె (జాతీయ రహదారి రాయికి తల పసుపు) 112కి చెప్పండి. రోడ్డు మీద అడ్డంకి ఉంటే జాతీయ రహదారుల నంబరు 1033. డ్యాష్‌క్యామ్ (బండి ముందు అద్దానికి పెట్టే కెమెరా) ఉంటే ఆ వీడియో వెంటనే సేవ్ చేయండి, లేకపోతే కొత్త రికార్డింగ్ దాని మీదే ఎక్కుతుంది.

కదిలే ముందు ఎడమ టైర్లు రెండూ లోపలి వైపు కూడా చేత్తో తడిమి చూడండి. తారు అంచు కోసిన టైరుకి పక్కన నిమ్మకాయంత ఉబ్బు లేస్తుంది. లోపలి దారాలు తెగాయన్నమాట. గాలి నిండుగా ఉన్నా అది ఎప్పుడైనా పగలొచ్చు. ఊరు ఐదు కిలోమీటర్లే ఉన్నా సరే, స్టెప్నీ వేసుకునే కదలండి.