అప్పు లేకుండా పిల్లల్ని కాలేజీ చదివించడం: ఒక గుమస్తా లెక్క

కోనసీమలోని అంబాజీపేటలో కొబ్బరి కొట్లో పద్దులు రాస్తాను. ఇరవై మూడేళ్లుగా ఇదే పని. జూన్ వచ్చిందంటే కొట్టు గుమ్మంలో రైతులు నిలబడతారు. వచ్చే దింపు మీద, అంటే చెట్ల నుంచి ఈసారి దించబోయే కాయ మీద, అడ్వాన్సు కావాలి, పిల్లాడి ఫీజు కట్టాలి అంటారు. మూడు దింపుల కాయ ముందే రాసిచ్చేసినవాళ్లూ ఉన్నారు. ఆ పేజీలు రాసే చెయ్యి నాదే కాబట్టి భయం కూడా నాకే ఎక్కువ పట్టుకుంది. మా పాప బీటెక్ అయిపోయింది, బాబు డిగ్రీలో ఉన్నాడు. నాకున్నవి కొట్టు జీతం, ముప్ఫై చెట్లు. పిల్లల చదువులకు ఇంతవరకు చేబదులు కూడా తేలేదు. ఎలాగో అడిగినవాళ్లకు చెప్పీ చెప్పీ చివరికి రాస్తున్నాను.

అప్పు బీటెక్‌లో మొదలవుతుందని అనుకుంటాం. కాదండి, పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే మొదలవుతుంది. కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి, కాఫీ తాగి, 'మీ అమ్మాయికి కన్సెషన్ ఇప్పిస్తానండి' అని వెళ్తాడు చూడండి, ఆ రోజు. హాస్టల్‌తో కలిపి ఆ రెండేళ్ల ఇంటర్‌కు పెట్టే డబ్బుతో ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ పూర్తిగా చదివించి, ఇంకా మిగుల్చుకోవచ్చు.

అందుకే పాప చేత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించాను. 2019లో కాకినాడ ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు ఏడాదికి ఐదు వేల లోపే. బంధువులు మొహం చిట్లించారు, 'డిప్లొమానా?' అని. నేను లెక్క వేసి చూపించాను. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. డిప్లొమా మూడేళ్లు, డిప్లొమా వాళ్లకుండే ఈసెట్ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే (లేటరల్ ఎంట్రీ అంటారు) ఇంకో మూడేళ్లు, అదీ ఆరే. మధ్యలో ఏ కారణంతో ఆగినా చేతిలో డిప్లొమా ఉంటుంది. ఇంటర్‌తో ఆగితే ఏముంటుంది?

ఇంటరే కావాలంటే ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేర్పించండి. బాబు అక్కడే చదివాడు. 2025 జనవరి నుంచి ఆ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. దానికి అన్నదానానికి పేరుపడ్డ మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మావాడి ఇంటర్ 2024లోనే అయిపోయింది. రెండేళ్లూ క్యారేజీ మోశాడు.

తర్వాత చూడాల్సింది సీటు ఏ కోటాలో వచ్చిందని. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం కన్వీనర్ సీట్లు, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి; 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్లు, అంటే కాలేజీవాళ్లే నింపుకునేవి. ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే రాష్ట్ర ప్రభుత్వం కట్టే ఫీజు, కన్వీనర్ సీటుకే. మేనేజ్‌మెంట్ సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు రాదు. 'ముందు చేరండి, తర్వాత చూసుకుందాం' అని ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. డిగ్రీకైతే ఆన్‌లైన్ అడ్మిషన్లలో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మొదటి వరసలో ప్రభుత్వ కాలేజీలే ఉంచండి. ఈ పని నెట్ సెంటరు కుర్రాడికి వదిలేయకండి, పక్కనే కూర్చోండి. బాబు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో చేరాడు. 'గవర్నమెంటు కాలేజీయా' అని మా బావమరిది పెదవి విరిచాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పాఠం చెప్పిన కాలేజీ అది!

ఇక కాగితాలు. రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. మాగాణి పది ఎకరాలు, మెట్ట పాతిక ఎకరాల లోపు ఉండాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మేలోనే తీయించండి. జూన్‌లో గ్రామ సచివాలయం దగ్గర జాతర. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది, డబ్బు ఒకసారి తల్లి ఖాతాలో, ఒకసారి కాలేజీ ఖాతాలో పడుతుంది. అందుకని ఎవరి ఆధార్ ఏ బ్యాంకుకు లింకై ఉందో తేల్చుకోవాలి. నేను తేల్చుకోలేదు. ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేసే రోజుల్లో మా ఆవిడ పాస్‌బుక్ మూడుసార్లు ప్రింట్ చేయించాను, పైసా కనబడలేదు. చివరికి తేలిందేమిటంటే, ఎప్పుడో గ్రూపు లోను కోసం తెరిచి మరిచిపోయిన ఇంకో బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకై ఉంది. డబ్బు అక్కడ పడి కూర్చుంది.

అక్కడికి వెళ్తే వేలిముద్ర పడలేదు. ఆవిడ కొబ్బరి పీచు పనికి వెళ్తుంది. ఆ పీచుకు వేళ్ల మీద గీతలు అరిగిపోయి నున్నగా ఉంటాయి. మిషన్ మీద ఒక్కో వేలూ పెట్టడం, ఎర్ర లైటు వెలగడం. 'ఆయ్, పడటం లేదండి, రేపు రండి' అన్నాడు కుర్రాడు. రేపంటే ఆవిడ కూలి పోయినట్టే. నాలుగో రోజు ఉంగరపు వేలు పడింది. మీ ఇంట్లోనూ ఇలాంటి చేతులుంటే ముందే ఆధార్ సెంటరులో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి.

కేంద్రం స్కాలర్‌షిప్పుల సంగతి మా వైపు చాలామందికి తెలియదు. ఇంటర్ బోర్డు మార్కుల్లో పైనున్న 20 శాతం మందిలో ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే డిగ్రీకి ఏడాదికి 12,000 ఇస్తారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవాలి, ఏటా రెన్యువల్ చేయాలి. ఇది తీసుకుంటే రాష్ట్రం రీయింబర్స్‌మెంట్ వదులుకోవాలి. ప్రభుత్వ కాలేజీలో ఫీజే తక్కువ కాబట్టి ఏది లాభమో కాగితం మీద వేసుకోండి. డిప్లొమా, బీటెక్ చదివే ఆడపిల్లలకు ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50,000. కోర్సు మొదటి ఏడాదిలోనో, లేటరల్ ఎంట్రీలో చేరిన ఏడాదిలోనో పెట్టాలి. మాకు తెలిసేసరికి పాప డిప్లొమా రెండో ఏడాదిలో ఉంది, డిప్లొమాకు పెట్టే అవకాశం తప్పిపోయింది.

ఇన్ని ఉన్నా డబ్బు సమయానికి రాదు. అప్పు పుట్టేది ఈ సందులోనే. జూన్‌లో పుస్తకాలు, హాస్టల్ డిపాజిట్, బస్ పాస్, పరీక్ష ఫీజు. ప్రభుత్వం డబ్బు ఏ సంక్రాంతికో వస్తుంది. పాప ఎనిమిదో తరగతిలో ఉండగానే పోస్టాఫీసులో ఆర్డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు, మొదలుపెట్టాను. ప్రతి దింపులో పిల్లల చెట్లని ఆరు చెట్ల కాయ విడిగా రాసుకుని, ఆ డబ్బు ముట్టుకోలేదు. పెళ్లికి గాజులు కొనాలన్నా ముట్టుకోలేదు, దాని మీద ఇంట్లో గొడవ కూడా అయింది.

చివరగా ఒరిజినల్ సర్టిఫికెట్లు. మా పక్క వీధి అబ్బాయి చదివిన ప్రైవేటు కాలేజీవాళ్లు, రీయింబర్స్‌మెంట్ రాలేదు, నువ్వే కట్టి సర్టిఫికెట్లు పట్టుకెళ్లు అన్నారు. వాళ్ల నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవద్దని ఉన్నత చదువులను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. చేరేటప్పుడు వెరిఫికేషన్‌కు చూపించి, జిరాక్స్‌ల మీద సంతకం పెట్టి ఇచ్చి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోండి. కాలేజీవాళ్లు వెనక్కి ఇవ్వం అంటే, తీసుకున్నట్టు రసీదు అడగండి. రసీదు అడిగితే చాలాసార్లు కాగితాలే వెనక్కి ఇచ్చేస్తారు.