డూప్లికేట్ ఫైళ్లు: ఏది తీసేయాలి, ఏది ముట్టుకోకూడదు

డిస్క్ నిండిపోయిందని కంప్యూటర్ ఎర్రగీత చూపించగానే కంటికి కనబడ్డ ఫైలునల్లా డిలీట్ చేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి. ఏ లక్షణం కనిపిస్తోందో చూస్తే కారణం తెలుస్తుంది, కారణాన్ని బట్టే ఏం చేయాలన్నది ఉంటుంది.

లక్షణం: పేరు చివర (1), (2), "కాపీ" అని ఉన్న ఫైళ్లు గుట్టలుగా ఉన్నాయి

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అదే పేరుతో ఫైలు ఇప్పటికే ఉంటే బ్రౌజర్ సాధారణంగా పాతదాన్ని చెరపదు, కొత్తదాని పేరుకు అంకె తగిలిస్తుంది. విండోస్‌లో ఒక ఫైలును అదే ఫోల్డర్‌లో కాపీ చేసి పేస్ట్ చేస్తే "కాపీ" అన్న మాట చేరుతుంది. ఇంకో రకం కూడా ఉంది. వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి సర్వీసుల్లో ఒకే ఫైలును రెండు కంప్యూటర్లలో మార్చితే, ఏది ఉంచాలో తేల్చలేక రెండింటినీ దాచిపెడతాయి. ఈ మూడో రకంలో రెండు ఫైళ్లూ వేర్వేరు. ఒక దాంట్లో ఉన్న మార్పు రెండో దాంట్లో ఉండకపోవచ్చు.

డౌన్‌లోడ్లను కూడా గుడ్డిగా నమ్మలేం. కొన్ని వెబ్‌సైట్లు ప్రతి నెలా బిల్లును ఒకే పేరుతో ఇస్తాయి. అప్పుడు (1) జనవరిది, (2) ఫిబ్రవరిది అవుతుంది. కాబట్టి పేరు చూసి డిలీట్ చేయకండి.

ముందు ప్రాపర్టీస్‌లో సైజు ఎన్ని బైట్లో చూడండి. ఒక్క బైటు తేడా ఉన్నా అవి డూప్లికేట్లు కావు. సైజు కలిస్తే హ్యాష్ చూడాలి. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని తయారుచేసే వేలిముద్ర లాంటిది హ్యాష్. విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) అనే కమాండ్ తర్వాత ఫైలు పేరు ఇస్తే 64 అక్షరాల ఎస్‌హెచ్‌ఏ-256 విలువ వస్తుంది. రెండు ఫైళ్లకూ అదే విలువ వస్తే, పేర్లు ఏవైనా సరే, లోపలి సరుకు ఒకటే.

లక్షణం: వేల ఫైళ్లున్నాయి, చేత్తో అయ్యే పని కాదు

దీనికి డూప్‌గురు, చ్కావ్కా అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు బాగుంటాయి. లినక్స్‌లో టెర్మినల్ అలవాటున్నవారికి ఎఫ్‌డూప్స్ ఉంది. ఇవి చేసేది పైన చెప్పిన పనే: ముందు సైజులు కలిసినవాటిని గుంపులు చేసి, ఆ గుంపుల్లోని ఫైళ్లనే లోపలికి వెళ్లి పోలుస్తాయి.

స్కాన్ మొదలుపెట్టే ముందు కొన్ని సెట్టింగులు చూసుకోవాలి. పోలిక ఫైలు పేరును బట్టి కాదు, కంటెంట్‌ను బట్టి జరగాలి. కనీస సైజు 1 ఎంబీ అని పెట్టండి. లేకపోతే చిన్నాచితకా ఫైళ్లతో జాబితా నిండిపోతుంది, వాటివల్ల మిగిలే జాగా ఏమంత ఉండదు. పైగా ఏమీ లేని సున్నా బైట్ల ఫైళ్లన్నిటికీ హ్యాష్ ఒకటే కాబట్టి, అవన్నీ డూప్లికేట్ల కింద కనిపించే అవకాశం ఉంది.

అన్నిటికంటే పనికొచ్చేది రిఫరెన్స్ ఫోల్డర్ అన్న సౌకర్యం, దీన్ని చాలామంది పట్టించుకోరు. మీరు పొందిగ్గా సర్దుకున్న ఫోటోల ఫోల్డర్‌ను రిఫరెన్స్‌గా పెడితే అందులోని ఫైళ్ల జోలికి సాఫ్ట్‌వేర్ వెళ్లదు, బయట ఉన్న కాపీలనే డిలీట్‌కు చూపిస్తుంది. ఇది పెట్టకుండా "అన్నీ సెలెక్ట్ చెయ్" నొక్కితే మాత్రం సగం ఫోటోలు ఇక్కడా సగం డౌన్‌లోడ్స్‌లోనూ మిగిలి, ఆల్బమ్ చెల్లాచెదురవుతుంది.

స్కాన్‌ను మీ సొంత ఫోల్డర్లకే పరిమితం చేయండి. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, యాప్‌డేటా ఫోల్డర్లలో ఒకే డీఎల్‌ఎల్ (ప్రోగ్రాం నడవడానికి కావాల్సిన సహాయక ఫైలు) నాలుగు చోట్ల ఉండటం మామూలే. ఏ ప్రోగ్రాం దాని కాపీ అది పెట్టుకుంటుంది. ఒకటి తీసేస్తే ఆ ప్రోగ్రాం మొరాయిస్తుంది.

లక్షణం: రెండు ఫోటోలూ అచ్చం ఒకటే, అయినా సాఫ్ట్‌వేర్ పట్టుకోవడం లేదు

కంటికి ఒకటే, బైట్ల లెక్కలో కాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించబడి వెళ్తుంది. ఫోటోను తిప్పి సేవ్ చేసినా, ఫైలు లోపల దాచిన తేదీ వివరాలు మార్చినా హ్యాష్ మారిపోతుంది. పాటల్లో ట్యాగ్ (ఫైలు లోపల ఉండే పాట పేరు, గాయకుల పేరు లాంటి వివరాలు) మార్చినా అంతే.

డూప్‌గురులో పిక్చర్ మోడ్, చ్కావ్కాలో ఒకేలాంటి చిత్రాల విభాగం దీనికోసమే ఉన్నాయి. ఇవి బొమ్మను బొమ్మతో పోలుస్తాయి. అయితే ఇక్కడ వచ్చిన ఫలితాలు అంచనాలే, హ్యాష్ ఇచ్చినంత భరోసా ఉండదు. వరసగా తీసిన అయిదు ఫోటోలనూ ఒకటే అనుకోవచ్చు. అందుకని ఒక్కో జత చూసి నిర్ణయించాలి. పిక్సెళ్లు ఎక్కువున్నదాన్ని, తీసిన తేదీ లోపల ఉన్నదాన్ని ఉంచండి. ఒకే పేరుతో రా ఫైలు (కెమెరా కుదించకుండా ఇచ్చే అసలు ఫోటో), జేపెగ్ ఉన్నా, ఐఫోన్ లైవ్ ఫోటో తాలూకు చిన్న వీడియో పక్కన ఉన్నా అవి జంటలు, డూప్లికేట్లు కావు. మ్యాక్‌లో అయితే 2022లో వచ్చిన వెంచురా నుంచి ఫోటోస్ యాప్‌లోనే డూప్లికేట్స్ అనే ఆల్బమ్ ఉంది.

లక్షణం: 20 జీబీ డిలీట్ చేశాను, జాగా పెరగలేదు

ముందు రీసైకిల్ బిన్ చూడండి. అది ఖాళీ చేసేదాకా జాగా రాదు. కానీ వారం రోజులు ఆగి ఖాళీ చేయడం మేలు, ఏదైనా పొరపాటు జరిగితే ఈలోపు బయటపడుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి డిలీట్ చేసినవి విండోస్‌లో బిన్‌కు రావు, నేరుగా పోతాయి.

బిన్ ఖాళీ అయినా మార్పు లేకపోతే, మీరు తీసింది అసలు వేరే కాపీయే కాకపోవచ్చు. హార్డ్ లింక్ అంటే డిస్క్‌లో ఒకే డేటాకు రెండు పేర్లు. ఒక పేరు తీసేస్తే డేటా అలాగే ఉంటుంది. విండోస్ తన సొంత సిస్టమ్ ఫైళ్లు దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ (WinSxS) ఫోల్డర్ ఉన్నదానికన్నా పెద్దగా కనిపించడానికి కారణం ఇదే, దాని జోలికి వెళ్లకండి. మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్ (ఇప్పటి మ్యాక్‌లు డిస్క్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి) డిస్క్‌పై ఫైండర్‌తో చేసిన కాపీ, మీరు మార్చేదాకా అదనంగా దాదాపు చోటే తీసుకోదు. తీసేసినా వచ్చేదేమీ లేదు.

లక్షణం: స్కాన్ నడుస్తుంటే నెట్ డేటా ఖర్చవుతోంది

వన్‌డ్రైవ్‌లో మేఘం గుర్తు ఉన్న ఫైళ్లు మీ డిస్క్‌లో లేవు. హ్యాష్ లెక్కించాలంటే సాఫ్ట్‌వేర్ వాటిని తెరవాలి, తెరిస్తే అవి దిగుతాయి. ఆ ఫోల్డర్‌ను స్కాన్ నుంచి తప్పించండి.

లక్షణం: కంప్యూటర్‌లో డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ పోయింది

అది సింక్ ఫోల్డర్. సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఒకచోట తీస్తే అన్నిచోట్లా పోతుంది. టెన్షన్ పడకుండా వెబ్‌లో లాగిన్ అయి అక్కడి ట్రాష్ చూడండి. గూగుల్ డ్రైవ్‌లోనూ, వ్యక్తిగత వన్‌డ్రైవ్ ఖాతాలోనూ డిలీట్ చేసినవి 30 రోజులు ఉంటాయి.

లక్షణం: శుభ్రం చేసిన కొన్నాళ్లకే మళ్లీ చేరుతున్నాయి

ఎక్కువగా ఇది ఫోన్ నుంచి ఫోటోలు ఎక్కించే పద్ధతిలోని లోపం. ప్రతిసారీ కొత్త ఫోల్డర్ పెట్టి మొత్తం కాపీ చేస్తే పాతవన్నీ మళ్లీ వస్తాయి. కొత్త ఫోటోలను మాత్రమే తీసుకునే ఇంపోర్ట్ యాప్ వాడండి. ఒకే ఫోటోలను రెండు యాప్‌లు కంప్యూటర్‌లోకి దించుతుంటే ఒకదాన్ని ఆపేయండి. బ్రౌజర్ సెట్టింగుల్లో, డౌన్‌లోడ్‌కు ముందు ఎక్కడ సేవ్ చేయాలో అడిగే ఆప్షన్ ఆన్ చేసుకుంటే, అదే పేరుతో ఫైలు అప్పటికే ఉన్న సంగతి సేవ్ చేసేటప్పుడే కనిపిస్తుంది.