డ్రైవర్ మార్చే ముందు లింకు వేగం చూడండి

ఒంగోలు, కొత్తపట్నం ప్రాంతాల కార్యాలయాల నుంచి నా వద్దకు వచ్చే కంప్యూటర్లలో చాలావాటి గురించి "నెట్ నెమ్మదిగా ఉంది, డ్రైవర్ మార్చండి" అనే చెబుతారు. అయితే డ్రైవర్ (నెట్‌వర్క్ కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) జోలికి పోకముందే విండోస్‌లో ఈథర్‌నెట్ (కేబుల్ ద్వారా వచ్చే నెట్) స్టేటస్ తెరిచి, అక్కడ కనిపించే లింకు వేగాన్ని, అంటే కంప్యూటర్‌కూ కేబుల్ అవతలి పరికరానికీ మధ్య కుదిరిన వేగాన్ని చూడాలి.

సమస్య: 1 గిగాబిట్ ఉండవలసిన చోట 100 మెగాబిట్లే కనిపిస్తాయి, ఎంత పెద్ద ఫైలు పంపినా వేగం సెకనుకు 11, 12 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతుంది.

రౌటర్ పోర్టు కూడా గిగాబిట్‌దేనని తేలితే, ముందుగా అనుమానించవలసింది కేబుల్‌ను. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100 మెగాబిట్లకు మాత్రం 1, 2, 3, 6 పిన్నులకు చేరే రెండు జతలు చాలు. అందువల్ల మిగిలిన తీగల్లో ఒకటి తెగినా నెట్ పూర్తిగా ఆగకుండా, చాలా నెట్‌వర్క్ కార్డుల్లో వేగం 100కు పడిపోతుంది, ఆ నెపం డ్రైవర్ మీదకు వెళుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన తీరప్రాంతంలో కనెక్టర్ పిన్నులు చిలుము పట్టడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. మంచిదని తెలిసిన మరో కేబుల్ పెట్టి చూడండి. వేగం పెరిగితే పాత కేబుల్ రెండు చివరలూ కత్తిరించి కొత్త ఆర్‌జె-45 కనెక్టర్లు క్రింప్ చేయించండి (పనిముట్టుతో నొక్కి బిగించడం). కొత్తది కొనేటప్పుడు రాగిపూత వేసిన అల్యూమినియం తీగ కాకుండా, అసలు రాగితో చేసిన క్యాట్ 5ఈ కేబుల్ అడగండి. రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డు దాకా లాగేవారు 100 మీటర్ల హద్దును మరువకూడదు. అంతకు మించితే ఫైబర్ వేయించడమే మేలు.

ఎవరైనా కార్డు సెట్టింగుల్లో వేగాన్ని "100 ఫుల్ డ్యూప్లెక్స్" (ఒకేసారి పంపడం, అందుకోవడం) అని బిగించి ఉంటే, ఆటో సెట్టింగులో ఉన్న నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లను కలిపే పెట్టె) హాఫ్ డ్యూప్లెక్స్‌కు (ఒకసారికి ఒక దిశలోనే) దిగి, లింకు ఉన్నా పని నత్తనడక నడుస్తుంది. రెండు వైపులా ఆటో నెగోషియేషన్ (వేగాన్ని పరికరాలే కుదుర్చుకునే పద్ధతి) పెడితే సరిపోతుంది.

సమస్య: కంప్యూటర్ నిద్రాస్థితి నుంచి లేచాక నెట్ రాదు. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో కార్డు పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కు వెళ్లి, విద్యుత్తు ఆదా కోసం పరికరాన్ని ఆపే అనుమతికి టిక్ తీసేయండి.

సమస్య: డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం డ్రైవర్‌నే చూడాలి. కోడ్ 28 అంటే డ్రైవర్ అసలు లేదని, కోడ్ 10 అంటే పరికరం మొదలు కాలేకపోయిందని అర్థం. అప్‌డేట్ తరువాతే చెడితే రోల్ బ్యాక్ చేయండి (పాత డ్రైవర్‌కు తిరిగి వెళ్లడం). డ్రైవరే లేకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం వివరాల్లో కనిపించే హార్డ్‌వేర్ ఐడీలో తయారీదారు సంఖ్య చూడండి. 8086 ఉంటే ఇంటెల్ కార్డు. నెట్ లేకుండా డ్రైవర్ తెచ్చుకోవడం ఎలా అని చాలామంది కంగారు పడతారు గానీ, ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే సెట్టింగు) ఆన్ చేస్తే సాధారణంగా నెట్ వస్తుంది. ఫార్మాట్ చేయించబోయేవారు డ్రైవర్‌ను ముందుగానే పెన్ డ్రైవ్‌లో పెట్టుకోవాలని నా మనవి.

కార్డు డివైస్ మేనేజర్‌లోనూ, బయోస్‌లోనూ (విండోస్ కంటే ముందు నడిచే సెటప్) కనిపించకపోతే, పిడుగుపాటుకో విద్యుత్ హెచ్చుతగ్గులకో అది కాలిపోయి ఉండవచ్చు. యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టర్ కొనుక్కున్నా పని జరుగుతుంది, అయితే యూఎస్‌బీ 2.0 పోర్టు హద్దు 480 మెగాబిట్లే కనుక దానిని 3.0 పోర్టులోనే పెట్టండి.